పచ్చి మొలకలా, గుడాలా?

ప్రశ్న: నాకు ఇప్పుడు ఐదో నెల. హిమోగ్లోబిన్ 9.4 ఉందని డాక్టరమ్మ ఐరన్ మాత్రలు రాశారు. మా ఆయన రోజూ పొద్దున్నే ఉస్మానియా క్యాంపస్‌లో వాకింగ్‌కు వెళ్లి, వచ్చేటప్పుడు బండి మీద మొలకలు పార్సిల్ కట్టించుకొస్తారు. మొలకెత్తితే ప్రొటీన్ పది రెట్లు పెరుగుతుందని, వండితే అంతా పోతుందని, పచ్చిగానే తినాలని ఆయనకు ఫోన్లో ఎవరో పంపారు. మా అత్తమ్మకు 67 ఏళ్లు, షుగర్ ఉంది. మెంతులు మొలకెత్తించి పరగడుపున పచ్చివే తింటారు. నన్ను మాత్రం ‘కడుపుతో ఉన్నదానివి, పచ్చివి ముట్టకు, గుడాలు (గుగ్గిళ్లు) చేసుకొని తిను’ అంటారు. అవి పాతకాలం మాటలని మా ఆయన కొట్టిపారేస్తారు. రెండేళ్ల బాబుకు రాగి మొలకల పిండితో జావ పెడుతున్నాను. జొన్న మొలకలు ఇంకా మంచివని పక్కింటావిడ అంటున్నారు. రెండు నెలలుగా నేను పచ్చివే తిన్నాను, భయపడాలా? ఇప్పుడు ఫ్రిజ్‌లో ఒక డబ్బాలో నిన్నటి పెసర మొలకలు, ఇంకో డబ్బాలో నాలుగు రోజుల నాటి మెంతి మొలకలు ఉన్నాయి. ఏం చేయమంటారు?
— ఒక సోదరి, తార్నాక

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి. రెండు నెలలు తిన్నా మీకు ఇప్పటిదాకా ఏమీ కాలేదు కదా. జరిగినదాని గురించి నిద్ర మానుకోకండి. రాబోయే రోజుల్లో ఎప్పుడైనా కారణం తెలియని జ్వరం వచ్చినా, ఒళ్లు నొప్పులతో పాటు విరేచనాలు పట్టుకున్నా, విరేచనంలో రక్తం కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి, ‘నేను పచ్చి మొలకలు తినేదాన్ని’ అని డాక్టరమ్మకు చెప్పండి. ఆ ఒక్క మాటతో ఆవిడ ఏ పరీక్ష రాయాలో తేలిపోతుంది. పచ్చి మొలకలు మాత్రం ఇవాళ్టితో ఆపేయండి. మీ విషయంలో మీ అత్తమ్మ చెప్పిందే సరైనది. తన విషయంలో ఆవిడ చేస్తున్నది సరి కాదు. ఎందుకో వివరంగా చెబుతాను, వీలైతే మీ ఆయనను పక్కన కూర్చోబెట్టుకొని చదవండి.

ప్రొటీన్ మాటతో మొదలుపెడదాం. గింజ అంటే తల్లి మొక్క తన బిడ్డకు కట్టి ఇచ్చిన చద్దిమూట. భూమిలో వేరు దిగి, ఆకు విప్పి, ఎండలో సొంతంగా వండుకునే దాకా ఆ బిడ్డ బతకాల్సింది ఆ మూట మీదే. మనం నానబెట్టినప్పుడు గింజకు ఇచ్చేది నీళ్లు ఒక్కటే. ప్రొటీన్‌కు నత్రజని కావాలి, అది మంచినీళ్లలోంచి ఊడిపడదు. కాబట్టి ఉన్న ప్రొటీన్ పది రెట్లు కావడం అసాధ్యం. ఎండు పెసలు 100 గ్రాముల్లో దాదాపు 22 నుంచి 24 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అవే పెసలు నాని, చిన్న మొలక వచ్చేసరికి నీళ్లు పీల్చి బరువు రెట్టింపు దాటుతాయి. అప్పుడు 100 గ్రాముల మొలకలు తూచి తింటే అందులో ఉండేది పది గ్రాముల చుట్టుపక్కలే. చైనీస్ వంటల్లో వేసే పొడవాటి తెల్ల మొలకల్లో అయితే 90 శాతం నీళ్లే, ప్రొటీన్ మూడు గ్రాములు. ఒక గుప్పెడు పెసలను పప్పుగా వండుకున్నా, మొలకెత్తించి తిన్నా మీకు అందే ప్రొటీన్ ఇంచుమించు ఒక్కటే.

అలాగని మొలకెత్తించడం వృథా శ్రమ అనుకోకండి. దాని గొప్పతనం వేరే చోట ఉంది, అది మీలాంటివాళ్లకే ఎక్కువ పనికొస్తుంది.

పప్పుగింజల్లో ఇనుము ఉంటుంది కానీ, ఫైటిక్ ఆమ్లం అనే పదార్థం దాన్ని గట్టిగా పట్టుకొని మన పేగులకు వదలదు. గింజ మేలుకోగానే దానిలోని ఫైటేజ్ అనే ఎంజైమ్ ఆ పట్టును సడలించడం మొదలుపెడుతుంది. కడుపు ఉబ్బరించి గ్యాస్ పట్టించే చక్కెరలను కూడా మొలక తన ఎదుగుదలకు ఖర్చు పెట్టేసుకుంటుంది. ఉలవలు, అలసందలు పడనివాళ్లు కూడా వాటి మొలకలు తిని హాయిగా ఉండేది అందుకే. ఇక అన్నిటికన్నా ఆశ్చర్యం విటమిన్ సి. ఎండు గింజలో అది దాదాపు ఉండదు, మొలక కొత్తగా తయారుచేసుకుంటుంది. 1919లో లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో హ్యారియెట్ చిక్, మేరియన్ డెల్ఫ్ అనే ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు గినీ పందుల మీద దీన్ని తేల్చి చూపించారు. చిగుళ్లు చెడి రక్తం కారే స్కర్వీ జబ్బును ఎండు బఠానీలు, ఎండు పప్పులు ఆపలేకపోయాయి. అవే గింజలు నానబెట్టి మొలకెత్తిస్తే ఆపాయి. తాజా కూరగాయలు దొరకని చోట ఇది ప్రాణాలు నిలిపే కబురు. మీరున్నది హైదరాబాద్‌లో, బుట్టల నిండా జామకాయలు దొరుకుతాయి. 100 గ్రాముల పెసర మొలకల్లో 13 మిల్లీగ్రాముల దాకా విటమిన్ సి ఉంటే, అంతే జామపండులో 200 పైనే ఉంటుంది. అందుకని విటమిన్ సి కోసమే పచ్చి మొలకలు తినాల్సిన అగత్యం మనకు లేదు.

ఇప్పుడు ‘వండితే అంతా పోతుంది’ అనే మాట. విటమిన్ సి కొంత పోతుంది, ఫోలేట్ అనే బి విటమిన్ కొంత తగ్గుతుంది, నిజమే. కానీ ప్రొటీన్ ఎక్కడికీ పోదు. పైగా పచ్చి పప్పుగింజల్లో ప్రొటీన్‌ను అరగనివ్వకుండా అడ్డుపడే పదార్థాలు కొన్ని ఉంటాయి, వేడి తగిలితే వాటి జోరు తగ్గుతుంది. ఫైటిక్ ఆమ్లం తగ్గింది తగ్గినట్టే ఉంటుంది, వండగానే తిరిగి రాదు. గ్యాస్ పుట్టించే చక్కెరలూ అంతే. ఇనుము ఎక్కడికీ పోదు. పోయిన ఆ కాస్త విటమిన్ సిని దించాక పిండే నిమ్మకాయ పూడ్చేస్తుంది, ఇనుమును ఒంటికి పట్టించే పని కూడా అదే చేస్తుంది. మరి వండితే పోయిందేమిటి?

పచ్చివి వద్దని ఇంత గట్టిగా ఎందుకంటున్నానో చెప్పాలంటే మీ అత్తమ్మ మెంతుల మూట దగ్గరికి వెళ్లాలి. రాత్రి కట్టి ఉంచిన మూటను తెల్లవారుజామున ఒకసారి మీరే విప్పి చూడండి. మధ్యలో వేలు పెడితే గోరువెచ్చగా తగులుతుంది. ఆ వేడి బయటి నుంచి వచ్చింది కాదు. వేల గింజలు ఒకేసారి ఊపిరి తీస్తూ, తమ పిండిని చక్కెరగా మార్చి కరిగించుకుంటుంటే పుట్టిన వేడి. గింజ కన్ను దగ్గర తోలు చీలి, వంకర తిరిగిన తెల్లటి తోక ఒకటి బయటకు వస్తుంది. అది ఆకు కాదు, వేరు. వాన పడ్డ మట్టి లాంటి వాసన వేస్తుంది. వెచ్చదనం, తడి, గాలి, గింజలోంచి ఊరిన చక్కెర అన్నీ ఒకే గుడ్డలో కూడాయి. మొక్కకు ఏవి కావాలో సూక్ష్మజీవులకూ సరిగ్గా అవే కావాలి. అరగంటకోసారి రెట్టింపయ్యే సూక్ష్మజీవి ఆ మూటలో ఒక్కటంటే ఒక్కటి ఉన్నా, అడ్డు లేకపోతే పది గంటల్లో పది లక్షలు దాటుతుంది. మొలకకు మనం ఇచ్చే సమయం ఒక రోజు, రెండు రోజులు.

‘మూడు సార్లు కడుగుతాం కదా’ అంటారు మీరు. అందరూ అనేదే. నేను ఆహార విజ్ఞానం పాఠాలు చెప్పిన రోజుల్లో ఏటా కొత్త పిల్లలతో ఒక పని చేయించేదాన్ని. ఇంటి నుంచి మొలకలు తెమ్మని, వాళ్ల చేతే మూడు సార్లు కడిగించి, ఆఖరి నీళ్ల చుక్క ఒకటి సూక్ష్మజీవులను పెంచి చూసే అగర్ పళ్లెం మీద వేయించేదాన్ని. మర్నాడు పొద్దున మూత తీస్తే పళ్లెమంతా పాలమీగడ కట్టినట్టు తెల్లగా ఉండేది. అందులో చాలావరకు మనకు హాని చేయనివే. కానీ నీళ్లు తేటగా ఉంటే మొలకలు శుభ్రమనే నమ్మకం ఆ పూట అందరికీ పోయేది. ఒకమ్మాయి తన పళ్లెం చూసి, ‘మేడమ్, మా అమ్మ చాలా శుభ్రంగా చేస్తుంది’ అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అమ్మ తప్పు లేదు. సూక్ష్మజీవి గింజతోనే వస్తుంది. చేలో పేడ ఎరువు తగిలి ఉండవచ్చు, కళ్లంలో ఎలుకలు తిరిగి ఉండవచ్చు. నూర్పిడిలో గింజ తోలు మీద కంటికి కనిపించని గీతలు పడతాయి, వాటిలో దూరి కూర్చుంటుంది. ఎండుగింజ మీద నెలలూ సంవత్సరాలూ నిద్రపోయి, తడి తగలగానే లేస్తుంది. ఉప్పునీళ్లు, పసుపునీళ్లు, వెనిగర్ అన్నీ పైపైనే. అమెరికాలో మొలకల వ్యాపారులు గింజలను చాలా ఘాటైన క్లోరిన్ ద్రావణంలో ముంచి తీస్తారు, అయినా జబ్బులు పూర్తిగా ఆగలేదు. ఆ రసాయనం ఇంట్లో ప్రయత్నించేది కాదు.

2011 మే, జూన్ నెలల్లో ఉత్తర జర్మనీలో జరిగింది మీ ఆయనకు తప్పకుండా చెప్పండి. ఉన్నట్టుండి జనం రక్త విరేచనాలతో ఆసుపత్రులకు వచ్చారు. ఎనిమిది వందల మందికి పైగా మూత్రపిండాలు దెబ్బతినే దశకు వెళ్లారు. మొత్తం 3,800 మందికి పైగా జబ్బుపడితే 50 మందికి పైగా చనిపోయారు. జబ్బుపడ్డవాళ్లలో ఎక్కువమంది వయోజనులు, అందులోనూ ఆడవాళ్లు. మొదట స్పెయిన్ దోసకాయల మీద నింద పడింది, అక్కడి రైతులు పంట పారబోసుకున్నారు. చివరికి ఒక హోటల్లో ఎవరెవరు ఏ వంటకం తిన్నారో, ఆ వంటకంలో ఏం వేశారో వంటవాళ్లను అడిగి లెక్క తీస్తే మొలకలని తేలింది. అదే సమయంలో ఫ్రాన్స్‌లో బోర్డో నగరం పక్కన ఇంకొంతమందికి అదే సూక్ష్మజీవి, ఈ.కోలి అనేది, సోకింది. వాళ్లు జర్మనీ మొలకలు తినలేదు. పొట్లంలో కొన్న గింజలను అక్కడే చిన్నగా మొలకెత్తించుకొని సూప్ మీద చల్లుకున్నారు. రెండు చోట్లా ఉమ్మడిగా ఉన్నది ఒకే గింజ, ఈజిప్టు నుంచి దిగుమతైన మెంతులు. అంటే మీ అత్తమ్మ పరగడుపున తినే మెంతి మొలకలే అమ్మా.

ఇక్కడ ఆవిడ నొచ్చుకోకుండా చెప్పాల్సిన మాట ఇంకోటి ఉంది. షుగర్‌కు మెంతులు మంచివన్న సంగతి గాలివాటు మాట కాదు. మీ ఇంటికి కూతవేటు దూరంలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థలోనే, 1980ల నుంచి, మెంతులు రక్తంలో చక్కెరను తగ్గిస్తాయని పరిశోధనలు జరిగాయి. అయితే అక్కడ ఇచ్చింది మెంతి గింజల పొడి, అదీ రోజుకు 25 గ్రాముల నుంచి పైకి, భోజనంలో రొట్టెల్లాంటి వాటిలో కలిపి. మెంతుల్లోని జిగురు లాంటి పీచు అందులో ముఖ్యమైన పని చేస్తుంది. పరగడుపున పచ్చి మొలకలు తినమని ఆ పరిశోధనలు చెప్పలేదు. ఆవిడ మెంతులను పులుసులో వేసుకున్నా, వేయించి పొడి కొట్టి పిండిలో కలుపుకున్నా, మొలకలనే పోపులో బాగా మగ్గించుకున్నా ఆ పీచు అందుతుంది. 67 ఏళ్లు, పైగా షుగర్ అంటే, ఒంటికి సూక్ష్మజీవులతో పోరాడే శక్తి మీకన్నా తక్కువే ఉంటుంది. మీకు చెప్పిన మాట ఆవిడకూ వర్తిస్తుందని నా మాటగా చెప్పండి. షుగర్ మాత్రలు మాత్రం మెంతుల ధైర్యంతో తగ్గించుకోవద్దు. మీరైతే ఈ నెలల్లో మెంతులను పోపుకు, ఊరగాయకు వేసుకునేంతతో సరిపెట్టుకోండి, గుప్పెళ్లతో తినవద్దు.

గర్భిణుల విషయంలో ప్రత్యేకంగా భయపెట్టేది లిస్టీరియా అనే సూక్ష్మజీవి. తల్లికి మామూలు జ్వరంలా వచ్చిపోయి, లోపలి బిడ్డకు ప్రాణం మీదికి తేగలదు. అది ఫ్రిజ్ చల్లదనంలో కూడా నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి ‘ఫ్రిజ్‌లోనే పెట్టాం కదా’ అనే ధీమా దాని ముందు పనిచేయదు. గర్భిణులు, చిన్నపిల్లలు, వృద్ధులు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు పచ్చి మొలకలు తినవద్దని అమెరికా ఆహార, ఔషధ సంస్థ కూడా చెబుతుంది. మీ ఇంట్లో ఆ జాబితాలోకి రానిది మీ ఆయన ఒక్కరే. ఆయన తింటే ఆయన ఇష్టం, కానీ ఆ పార్సిల్ ఇంట్లోకి వచ్చాక బాబు చేతికి అందుతుంది కదా. బండి ఆయనను నేను తప్పుబట్టను, తెల్లవారుజామున లేచి నిజాయితీగా బతికే మనిషి. పచ్చి ఉల్లి, టమాటా, దోసకాయ కోసి కలిపి, రెండు గంటలు గాలికి ఉన్న మొలకల్లో ఏముందో ఆయనకూ కనిపించదు. పక్కనే కుండలో పొగలు కక్కే రాగి జావ పోసేవాళ్లు ఉంటారు. మీ ఆయనను అది తాగి రమ్మనండి.

ఇంట్లో ఎలా చేసుకోవాలో చెబుతాను. గింజలు కిరాణాలో వంటకు అమ్మేవే కొనండి. విత్తనాల షాపులో అమ్మేవాటికి తెగుళ్లు రాకుండా మందు పట్టించి ఉంటుంది, గులాబీ రంగో ఎరుపో పూసి ఉంటే అదే గుర్తు, వాటిని తినకూడదు. పుచ్చువి, విరిగినవి ఏరేయండి. మొలకలు జిగటెక్కడానికి మొదటి కారణం చచ్చిపోయిన గింజలే. బతికిన గింజ మొలుస్తుంది, చచ్చింది కుళ్లి చుట్టుపక్కల వాటిని కూడా పాడు చేస్తుంది. తాగే నీళ్లే వాడండి, ట్యాంకర్ నీళ్లయితే కాచి చల్లార్చి పోయండి. ఎనిమిది గంటలు నానితే చాలు. మన ఏప్రిల్, మే ఎండల్లో నానే నీళ్లను మధ్యలో ఒకసారి మార్చాలి. నీళ్లు పూర్తిగా వాడ్చి, ఉడికించి ఆరేసిన గుడ్డలో వదులుగా కట్టండి. బిగించి కడితే మధ్యలో వేడెక్కి పులుస్తుంది. ఎండాకాలం అయితే 12 గంటల్లో, డిసెంబరు చలిలో ఒక రోజు పైన పడుతుంది. తోక అర అంగుళం దాటనివ్వకండి. పొడుగు మొలకలో పోషకాలు ఎక్కువన్నది ఒట్టిమాట, పొడుగయ్యేకొద్దీ నీళ్లు, వాటితో పాటు సూక్ష్మజీవులకు దొరికే సమయం పెరుగుతాయి. పుల్లటి వాసన, చేతికి జిగురు ఉంటే ఆలోచించకుండా పారేయండి.

తరవాత ఇడ్లీ పాత్రలో గుడ్డ పరిచి, ఆవిరి బాగా వచ్చాక మొలకలు వేసి ఏడెనిమిది నిమిషాలు ఉంచండి. అడుగున ఉన్న గింజ తీసి వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలగాలి, నోట్లో వేసుకుంటే కాలాలి. శనగలు, అలసందలు, ఉలవలైతే కుక్కర్‌లో పెట్టడమే నయం. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు వేసి, దించాక నిమ్మకాయ పిండి వేడి వేడిగా తినండి. మీ అత్తమ్మ చెప్పిన గుడాలంటే ఇవేగా! తిన్నాక గంట, గంటన్నర దాకా టీ, కాఫీ వద్దు, అవి ఇనుమును అడ్డుకుంటాయి. ఐరన్ మాత్రను పాలతోనూ టీతోనూ కాకుండా నిమ్మనీళ్లతో వేసుకోండి. హిమోగ్లోబిన్ 9.4 ఉన్నప్పుడు మొలకలు తోడుగా పనికొస్తాయి గానీ మాత్రకు బదులు కావు. గర్భిణికి అది 11 ఉండాలి. ఆ తేడాను తిండి ఒక్కటే ఈ నాలుగు నెలల్లో పూడ్చలేదు, మాత్ర మానకండి.

బాబు రాగి జావ చాలా మంచి పని. పసివాడి పొట్ట గుప్పెడంత. మామూలు పిండితో గంజి కాస్తే గోరంత పిండికే చిక్కబడిపోతుంది, పలచన చేస్తే బలం చాలదు. మొలకెత్తిన రాగుల్లోని అమైలేజ్ అనే ఎంజైమ్ ఆ చిక్కదనాన్ని కరిగిస్తుంది. 1980లలో బరోడాలో తారా గోపాల్‌దాస్ గారి బృందం ఈ విషయం మీదే పనిచేసింది, చిక్కటి జావలో చెంచాడు మొలకల పిండి కలిపితే చాలు, జారుగా మారుతుందని చూపించారు. మీరు కూడా జావను చిక్కగా ఉడికించి, కాస్త వేడి తగ్గాక చెంచాడు మొలకల పిండి కలిపి చూడండి. గరిటె తిప్పుతుంటేనే పలచబడుతుంది. ఆ తరవాత మళ్లీ ఒక పొంగు రానిచ్చి చల్లార్చి పెట్టండి. పచ్చి మొలకల పిండిని అలాగే నోట్లో పెట్టకూడదు.

జొన్న మొలకల దగ్గర మాత్రం పక్కింటావిడను ఆపండి. మన పల్లెల్లో లేత జొన్న చేలోకి పశువును తోలరు, నాము మేస్తే నురగలు కక్కి పడిపోతుందని చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. జొన్న గింజలో లేని ధూరిన్ అనే పదార్థం మొలక పెరిగేకొద్దీ దాని లేత భాగాల్లో పోగవుతుంది. నమిలితే అందులోంచి సైనైడ్ విడుదలవుతుంది. జొన్నలను రొట్టెలుగా, గట్కగా, అంబలిగా నిశ్చింతగా తినండి, పచ్చి మొలకలుగా వద్దు. రాజ్మా మొలకలు కూడా పచ్చివి తినకూడదు, వాటిలోని లెక్టిన్ అనే విష పదార్థం బాగా ఉడికితే తప్ప పోదు.

ఇక మీ ఫ్రిజ్‌లోని రెండు డబ్బాలు. నిన్నటి పెసర మొలకల మూత తీసి వాసన చూడండి. తాజాగా ఉండి, వేళ్లకు జిగురు అంటకపోతే ఇవాళే ఆవిరికి పెట్టి పోపు వేసేయండి, మధ్యాహ్నానికి అందరికీ సరిపోతాయి. నాలుగు రోజుల మెంతి మొలకలు చూడ్డానికి బాగున్నా పారేయండి. ఆ డబ్బాను సబ్బుతో కడిగి, మరిగే నీళ్లు పోసి, ఎండలో బోర్లించండి.